మూడేళ్ల ఎక్స్‌క్లూజివ్ అగ్రిమెంట్ పంపారు, సంతకం పెట్టొచ్చా?

ఓరుగల్లు_అమ్మాయి
హైదరాబాద్‌లో ఫ్రీలాన్స్ మోడలింగ్ చేస్తున్నా. ఎక్కువగా చీరల క్యాటలాగులు, నగల షూట్లు, అప్పుడప్పుడు ఆన్‌లైన్ కుర్తీలు. ఇన్‌స్టాలో నా ఫోటోలు చూసి ముంబై ఏజెన్సీ ఒకటి పిలిచింది. వీడియో కాల్‌లో నడిచి చూపించమన్నారు, మేకప్ లేకుండా డిజిటల్స్ (ఎడిటింగ్ లేని సాదా ఫోటోలు) అడిగారు, బాగుంది అన్నారు. నిన్న అగ్రిమెంట్ మెయిల్ చేశారు. శుక్రవారంలోపు సంతకం పెట్టి పంపాలట, లేకపోతే ఆ స్లాట్ ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తారట.

నాకు అర్థమైనంత వరకు చెప్తా. మూడేళ్లు వాళ్ల ద్వారా మాత్రమే పని చేయాలి. ప్రపంచమంతా, అన్ని మీడియాలూ, నా ఇన్‌స్టా పెయిడ్ పోస్టులతో సహా. నేను సొంతంగా తెచ్చుకున్న పనికి కూడా 25 శాతం కమీషన్. గడువుకి 90 రోజుల ముందు వద్దని రాయకపోతే ఇంకో రెండేళ్లు దానంతట అదే పొడిగింపు. బయటికొచ్చాక 12 నెలలు వేరే ఏజెన్సీలో చేరకూడదు. మధ్యలో మానేస్తే 10 లక్షలు కట్టాలి. పోర్ట్‌ఫోలియో వాళ్లే షూట్ చేయిస్తారు, ఆ 1,20,000 నా సంపాదనలోంచి కోసుకుంటారు. నెలకి ఇన్ని పనులు ఇస్తామన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

నాన్న వద్దంటున్నారు. అమ్మేమో ‘ముంబై వాళ్లు పిలిస్తే వదులుకుంటావా’ అంటోంది. నా టెన్షన్ ఒక్కటే, ఇక్కడ చేతిలో ఉన్న పనులు ఆగిపోతే గది అద్దె ఎలా? ఇలాంటి వాటి గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

పల్నాటి_మిర్చి
ఒక్క పని కూడా గ్యారంటీ లేదు కానీ ప్రపంచమంతా మాదే అంటారా. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

బంజారా_బావ
పెట్టెయ్ చెల్లీ, ఏం కాదు. కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 27 ఉంది. మనిషిని పని చేసుకోకుండా ఆపే అగ్రిమెంట్ ఏదైనా మన దేశంలో చెల్లదు. వాళ్లు పని ఇస్తే చెయ్యి, ఇవ్వకపోతే బయట చేసుకో. ఎవరూ ఏం పీకలేరు.

కోర్టు_క్యాంటీన్
బంజారా_బావ గారూ, ఈ సలహా నమ్మి ఎవరైనా సంతకం పెడితే తర్వాత తిరగాల్సింది మా లాయర్ల చుట్టూనే.

1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 27వ సెక్షన్ ఉన్నమాట నిజం. చట్టబద్ధమైన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు అంటుంది. కానీ ఒప్పందం నడుస్తున్న కాలాన్ని, అది ముగిశాక వచ్చే కాలాన్ని కోర్టులు వేరువేరుగా చూస్తాయి. నడుస్తున్నప్పుడు ‘మా దగ్గరే చెయ్యి, ఇంకెక్కడా చేయకు’ అంటే మామూలుగా చెల్లుతుంది. 1967లో గోలికారి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. టైర్ కార్డ్ ఫ్యాక్టరీలో ఐదేళ్లకి ఒప్పుకున్న ఉద్యోగి మధ్యలో మానేసి పోటీ కంపెనీలో చేరాడు. ఆ ఐదేళ్ల కాలానికి పెట్టిన ఆంక్ష సబబే అంది కోర్టు.

ముగిశాక సంగతి వేరు. మోడళ్లకి దగ్గరగా వచ్చే కేసు క్రికెటర్ జహీర్ ఖాన్‌ది. 2000లో ఒక మేనేజ్‌మెంట్ కంపెనీతో మూడేళ్ల ఒప్పందం చేసుకున్నాడు. అది అయిపోయాక కూడా బయటి ఆఫర్ ఏదొచ్చినా ముందు వాళ్లకి చూపించాలి, వాళ్లూ అంతే ఇస్తామంటే వాళ్లతోనే ఉండాలి అని అందులో క్లాజు. 2006లో సుప్రీంకోర్టు ఆ క్లాజు సెక్షన్ 27 ముందు నిలవదంది. అంటే ఈ అమ్మాయి అగ్రిమెంట్‌లో ‘బయటికొచ్చాక 12 నెలలు’ అన్నది బలహీనం. మూడేళ్ల ఎక్స్‌క్లూజివ్ మాత్రం బలహీనం కాదు.

బంజారా_బావ
అయితే కోర్టు పట్టుకొచ్చి బలవంతంగా ర్యాంప్ మీద నడిపిస్తుందా?

కోర్టు_క్యాంటీన్
నడిపించదు. ఇంకోచోట నడవకుండా ఆపగలదు. ఇది పాత సంగతే. 1852లో లండన్‌లో జోహన్నా వాగ్నర్ అనే గాయని ఒక థియేటర్‌కి ఒప్పుకుని, ఎక్కువ డబ్బు వస్తుందని ఇంకో థియేటర్‌కి వెళ్లబోయింది. ఆమెతో బలవంతంగా పాడించలేం కానీ అక్కడ పాడకుండా ఆపుతాం అంది కోర్టు. మన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో 42వ సెక్షన్ కూడా ఈ దారిలోనే ఉంటుంది. కాకపోతే అడిగేవాడు తన వంతు సరిగ్గా చేసి ఉండాలి. ఏడాదిపాటు ఒక్క ఆడిషన్‌కి కూడా పంపని ఏజెన్సీ వెళ్లి స్టే అడిగితే జడ్జి గారు మొహం చిట్లిస్తారు.

పల్నాటి_మిర్చి
పాడమనరు, పాడనివ్వరు. మా ఇంట్లో నా మీద కూడా అదే ఆర్డర్ నడుస్తోంది.

అబ్బాయి_మోడల్_వైజాగ్
ఆ 10 లక్షలు నిజంగా కట్టాల్సిందేనా సార్? నా దాంట్లో 5 రాశారు.

కోర్టు_క్యాంటీన్
రాసినంత మాత్రాన మొత్తం రాదు. సెక్షన్ 74 ప్రకారం కోర్టు ఇచ్చేది సమంజసమైన పరిహారం. అందులో రాసిన అంకె పై హద్దు మాత్రమే. వాళ్లు మీ మీద పెట్టిన ఖర్చు, పోయిన కమీషన్ లాంటివి చూపించుకోవాలి. కానీ ఇవన్నీ కోర్టు దాకా వెళ్తే పనికొచ్చే మాటలు.

ర్యాంప్_రిటైర్డ్
ఆ చివరి వాక్యం పట్టుకోండి అందరూ. ఈ ఫీల్డ్‌లో ఎవరూ కోర్టు దాకా వెళ్లరు.

నేను ముంబైలో చాలా ఏళ్లు చేసి మానేశాను. నాతో ఫ్లాట్‌లో ఉన్న విజయవాడ అమ్మాయికి ఏం జరిగిందో చెప్తా. ఏజెన్సీ పేరు అనవసరం. ఎక్స్‌క్లూజివ్ అన్నారు, నెలల తరబడి పని లేదు. పండగ సీజన్‌లో తనే ఒక షాంపూ యాడ్ తెచ్చుకుంది. ఏజెన్సీ వాళ్లు ఈ అమ్మాయికి నోటీసు పంపలేదు. షాంపూ కంపెనీకి పంపారు, ‘ఈ మోడల్ మా ఒప్పందంలో ఉంది, వాడుకుంటే మీ మీద కూడా చర్య తీసుకుంటాం’ అని. ఆ లాయర్ లెటర్ చూడగానే కంపెనీ ఇంకో మొహాన్ని పెట్టుకుంది. వాళ్లకేం ఖర్మ, ఊళ్లో మోడళ్లకి కొదవా? ఆ క్లాజు చెల్లుతుందా లేదా అని తేల్చడానికి ఎవరూ ఆగలేదు.

ఓరుగల్లు చెల్లీ, నువ్వు పెనాల్టీ గురించి భయపడుతున్నావు. నీ నాలుగు క్లయింట్లకి రెండు పేజీల లెటర్ వెళ్తే చాలు, నువ్వు ఇంట్లో కూర్చున్నట్టే. ఆ మాటకొస్తే ఆ 25 శాతం కంటే, 10 లక్షల కంటే పెద్ద క్లాజు ‘పని ఇస్తామని లేదు’ అన్నదే. కౌలు డబ్బు అడగకుండా పొలం మూడేళ్లు కౌలుకి ఇస్తున్నావు.

చీరల_కొట్టు
నిజం. మేం ఆషాఢం సేల్‌కి మోడల్‌ని ఫైనల్ చేశాక ఒకసారి ఇలాగే ఫోన్ వచ్చింది. మాకు పొద్దున ఆరింటికి కాల్ టైమ్, స్టూడియో బుక్ అయింది, మేకప్ ఆర్టిస్ట్ వచ్చేసింది, 35 చీరలకి ఫాల్ కుట్టించి ఇస్త్రీ చేయించాం. అలాంటప్పుడు ఎవరిది న్యాయం అని ఆలోచిస్తామా? కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి ఇంకో అమ్మాయిని పంపమన్నాం. బ్లౌజులు సరిపోక వెనక అంతా పిన్నులే.

లెన్స్‌క్యాప్
ఆ పిన్నులు ఫ్రేమ్‌లో పడకుండా తీసిన పాపాత్ముడిని నేనే అయ్యుంటా.

బుకింగ్_డెస్క్
అందరూ ఏజెన్సీలని దొంగల్లా మాట్లాడుతున్నారు కాబట్టి చెప్తున్నా. నేను ఒక ఏజెన్సీలో బుకర్‌ని, అంటే మోడళ్లకి పనులు కుదిర్చే మనిషిని (ఆ ముంబైది కాదు).

కొత్త మొహాన్ని తీసుకుంటే మొదటి ఆరునెలలు మాకు ఖర్చే. టెస్ట్ షూట్లు, నడక ట్రైనింగ్, పోర్ట్‌ఫోలియో తయారీ, క్యాస్టింగ్ డైరెక్టర్ల చుట్టూ తిరగడం. ఆ అమ్మాయికి కాస్త పేరు రాగానే క్లయింట్ నేరుగా ఇన్‌స్టాలో మెసేజ్ పెడతాడు, ‘ఏజెన్సీని పక్కన పెట్టు, ఇద్దరికీ లాభం’ అని. ఎక్స్‌క్లూజివ్ లేకపోతే మేం పెట్టినదంతా పోయినట్టే. ఇంకోటి, ఒకే మోడల్‌ని ముగ్గురు కోఆర్డినేటర్లు ఒకే క్లయింట్‌కి మూడు రేట్లకి పంపిస్తే ఆఖరికి తక్కువ రేటే ఖాయమవుతుంది. ఒకే చేతిలో ఉంటే రేటు నిలబడుతుంది. హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో ‘ఫిమేల్ మోడల్ కావాలి, హాఫ్ డే, బడ్జెట్ ఇంత, ప్రొఫైల్ పంపండి’ అని పడితే అరగంటలో అందరూ ఒకరి కంటే ఒకరు తగ్గించుకోవడం చూడట్లేదా?

ర్యాంప్_రిటైర్డ్
రేటు గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటా. కానీ ఆ ఖర్చంతా మీదైతే 1,20,000 అమ్మాయి సంపాదనలోంచి ఎందుకు కోస్తున్నారు? పెట్టుబడి ఆమెదే, ఎక్స్‌క్లూజివ్ కూడా ఆమే ఇవ్వాలా?

బుకింగ్_డెస్క్
మా దగ్గర అంత కోయం. అది ఎక్కువే.

లెన్స్‌క్యాప్
ఎక్కువ కాదు, దారుణం. హైదరాబాద్‌లో మంచి ఫోటోగ్రాఫర్, మేకప్, స్టూడియో అన్నీ కలిపినా అందులో సగం కూడా కాదు. పైగా ఈ అమ్మాయి చేతిలో ఇప్పటికే అచ్చయిన పని ఉంది. పోర్ట్‌ఫోలియో పేరుతో ముందు డబ్బు లాగేవాళ్లు వేరే రకం, వాళ్లది అసలు ఏజెన్సీ వ్యాపారమే కాదు. వీళ్లు ముందు అడగలేదు కాబట్టి ఆ రకం అనను. కానీ ఎవరు షూట్ చేస్తారు, ఎన్ని లుక్స్, ఫోటోలు ఎవరివి అని అడుగు. బయటికి వచ్చే రోజున ఆ ఫోటోలు నీతో రాకపోతే నువ్వు కట్టింది దేనికి?

ఫ్లెక్సీ_బాబు
నగల షాపుల మార్కెటింగ్‌లో పనిచేస్తా. మా వైపు మాట కూడా వినండి. ఒక అక్షయ తృతీయకి మా హోర్డింగ్ పంజాగుట్టలో పడింది. మెట్రో పిల్లర్ దాటగానే పోటీ షాపుది. అదే అమ్మాయి! మా దాంట్లో కాసులపేరు, వాళ్ల దాంట్లో గుట్టపూసల హారం, పాపిట బిళ్ల ఒకేలా, నవ్వు కూడా అదే. ఓనర్ గారు కారు ఆపించి ఫోటో తీసి నాకు పంపారు. కింద ఏమీ రాయలేదు, ఫోటో ఒక్కటే. ఆ రోజు నా పరిస్థితి మీ ఊహకే వదిలేస్తున్నా.

అప్పట్నుంచి ప్రతి మోడల్ దగ్గరా కేటగిరీ ఎక్స్‌క్లూజివ్ రాయించుకుంటాం. ఆరునెలలు వేరే నగల షాపుకి చేయకూడదు, చీరలు, సబ్బులు, రియల్ ఎస్టేట్ ఏదైనా చేసుకోవచ్చు.

ర్యాంప్_రిటైర్డ్
@ఫ్లెక్సీ_బాబు, ఆ ఆరునెలలకి అదనంగా ఎంత ఇస్తారు?

ఫ్లెక్సీ_బాబు
షూట్ డబ్బే. అదనంగా ఏమీ ఉండదు.

ర్యాంప్_రిటైర్డ్
చూశారా. అక్షయ తృతీయ నుంచి ఆరునెలలు లెక్కేసుకోండి. శ్రావణం పోతుంది, దసరా పోతుంది, కొన్నేళ్లు ధన్‌తేరస్ కూడా అందులోనే పడుతుంది. హైదరాబాద్‌లో మోడల్‌కి నగలూ చీరలూ తీసేస్తే మిగిలేదేంటి? ఒకరోజు కూలి ఇచ్చి సీజన్ మొత్తం కొనేసుకుంటున్నారు మీరు.

ఎక్స్‌క్లూజివ్ అన్నది తప్పు కాదు, దానికి ధర ఉండాలి. 1973లో అమెరికన్ మోడల్ లారెన్ హటన్ మేకప్ కంపెనీ రెవ్లాన్‌తో చేసుకున్న ఒప్పందం ఇప్పటికీ ఎందుకు చెప్పుకుంటారు? అప్పటిదాకా అక్కడ మోడల్ అంటే గంటకింత, రోజుకింత. ఆమె ఏడాదిలో కొద్ది రోజుల పనికి లక్షల డాలర్లు తీసుకుంది, ఎందుకంటే మిగిలిన రోజుల్లో వేరే మేకప్ కంపెనీకి కనిపించకుండా ఉండటానికి కూడా అందులోనే డబ్బు ఉంది. 1988లో ఇంకో మోడల్ క్రిస్టీ టర్లింగ్టన్ ఫ్యాషన్ కంపెనీ కాల్విన్ క్లైన్‌తో పెద్ద ఒప్పందం చేసుకుంది, అదీ అంతే. కట్టేసినందుకు డబ్బిచ్చారు. మనవాళ్లు కట్టేసుకుంటారు, తాడు ఖర్చు కూడా మననే పెట్టుకోమంటారు.

ఫ్లెక్సీ_బాబు
అక్కా, మా ఓనర్ గారిని ఒకసారి మీతో కూర్చోబెట్టాలి. నేను దూరంగా నిలబడతా.

నెక్కొండ_నరేష్
ఓరుగల్లు అంటే మా పక్కే. ఏ కాలేజీ?

మోడరేటర్_2
నరేష్ గారూ, వద్దు.

ఎడిసన్_నాన్న
న్యూజెర్సీ నుంచి. మా అమ్మాయి కాలేజీలో ఉండగా న్యూయార్క్ ఏజెన్సీ ఒకటి పిలిస్తే అప్పుడు ఈ చట్టాలన్నీ చదవాల్సి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్యాషన్ వర్కర్స్ యాక్ట్ అని కొత్తగా వచ్చింది. 2024 డిసెంబర్‌లో గవర్నర్ సంతకం పెట్టారు, 2025 జూన్ 19 నుంచి అమల్లో ఉంది. ఈ అమ్మాయి అగ్రిమెంట్‌లోని క్లాజులు వరసగా చదువుతుంటే, అక్కడ కుదరనివి చాలా ఏరి పెట్టినట్టుంది. కమీషన్ 20 శాతం దాటకూడదు. ఒప్పందం మూడేళ్లు మించకూడదు. మోడల్ ఒప్పుకోకుండా దానంతట అదే పొడిగింపు కుదరదు. చేర్చుకోవడానికి ఫీజు, డిపాజిట్ అడగకూడదు. క్లయింట్‌తో ఏజెన్సీ కుదుర్చుకున్న డీల్ కాపీ మోడల్‌కి ఇవ్వాలి.

సారా జిఫ్ అనే మాజీ మోడల్ 2012లో మోడల్ అలయన్స్ అని సంస్థ పెట్టి ఏళ్ల తరబడి దీనికోసం పోరాడింది. ఊరికే రాలేదు.

బంజారా_బావ
అది అమెరికా అంకుల్. ఇక్కడ ముంబై ఏజెన్సీకి ఆ చట్టం చూపిస్తే నవ్వుతారు.

ఎడిసన్_నాన్న
నవ్వనివ్వండి బాబూ. చట్టం వర్తిస్తుందని నేననలేదు. రేపు వాళ్లు ఈ అమ్మాయిని న్యూయార్క్ పంపితే అక్కడి ఏజెన్సీ మాత్రం ఆ రూల్స్‌లోనే ఉండాలి. బేరమాడేటప్పుడు ‘పెద్ద మార్కెట్‌లోనే ఇలా ఉంది కదా’ అనడానికైనా పనికొస్తుంది.

బుకింగ్_డెస్క్
ఈ ‘ప్రపంచమంతా’ గురించి ఒక మాట. అది మదర్ ఏజెన్సీ క్లాజు. పారిస్, మిలాన్, లండన్, న్యూయార్క్ ఒక్కోచోట ఒక్కో ఏజెన్సీ ఉంటుంది. అక్కడ కూడా ఎక్స్‌క్లూజివే, కానీ ఆ ఊరి వరకే. మదర్ ఏజెన్సీ మోడల్‌ని వాళ్ల దగ్గర పెట్టి, వాళ్ల కమీషన్‌లోంచి వాటా తీసుకుంటుంది. కాబట్టి అది వాడుకలో ఉన్నదే. కానీ అడగాల్సింది ఏంటంటే, బయటి దేశంలో వాళ్ల కమీషన్ పోయాక మళ్లీ మీది వేరేగా కోస్తారా అని. రెండు కోతలు పడితే మోడల్‌కి మిగిలేది చాలా తక్కువ. మంచి మదర్ ఏజెన్సీ రెండోసారి కోయదు.

ర్యాంప్_రిటైర్డ్
ఇది మంచి పాయింట్, థాంక్స్ డెస్క్ గారూ. దీంతో పాటు చెల్లీ, షో ఎక్స్‌క్లూజివ్ అని ఇంకోటి వింటావు, దాన్ని దీనితో కలపకు. ప్రాదా లాంటి ఫ్యాషన్ హౌస్ ఒక కొత్త మొహాన్ని ‘ఈ సీజన్‌లో మాకు మాత్రమే’ అని తీసుకుంటుంది. ఆ వారం మిగతా షోలన్నీ వదులుకోవాలి. అయినా అందరూ ఎగిరి గంతేస్తారు, ఆ ఒక్క నడకతో ఫోన్లు మోగుతాయి కాబట్టి. అందులోనూ రిస్క్ ఉంది. ఫిట్టింగ్ అయ్యాక, షో ముందు రోజు రాత్రి లైనప్‌లోంచి తీసేసిన కేసులు చూశాను. మిగతా షోలు అప్పటికే పోయాయి.

పల్నాటి_మిర్చి
పెళ్లి పీటల మీద దాకా తెచ్చి లేపేసే బ్యాచ్ అక్కడ కూడా ఉందన్నమాట.

లెన్స్‌క్యాప్
@ఓరుగల్లు_అమ్మాయి, అగ్రిమెంట్‌లో ‘డిజిటల్ రూపం’, ‘ఇకపై రాబోయే ఏ సాంకేతికతలోనైనా’ లాంటి మాటలు ఉన్నాయేమో చూడు. ఈమధ్య అన్నింటిలో దూరుస్తున్నారు.

ఓరుగల్లు_అమ్మాయి
అన్నా, ఉంది. పదకొండో పేజీలో. నా రూపం, గొంతు, శరీర కొలతలు ‘ఇప్పుడున్న లేదా ఇకపై కనిపెట్టే ఏ మాధ్యమంలోనైనా’ వాడుకునే హక్కు, గడువు లేకుండా. ఇంకా, నా తరఫున క్లయింట్ల కాగితాల మీద వాళ్లే సంతకం పెట్టొచ్చట. జుట్టు రంగు మార్చాలన్నా, కత్తిరించాలన్నా వాళ్ల రాతపూర్వక అనుమతి కావాలి.

పల్నాటి_మిర్చి
తిరుపతి మొక్కు ఏమైనా బాకీ ఉంటే శుక్రవారంలోపే తీర్చేసుకో తల్లీ.

లెన్స్‌క్యాప్
నవ్వొచ్చినా నిజమే. కానీ ఆ డిజిటల్ క్లాజు నవ్వులాట కాదు. 2025లో బట్టల కంపెనీ హెచ్ అండ్ ఎమ్ 30 మంది మోడళ్ల డిజిటల్ ట్విన్స్ (కంప్యూటర్‌లో అచ్చం వాళ్లలా చేసిన బొమ్మలు) చేస్తున్నామని ప్రకటించింది. వాళ్లు చెప్పిన ప్రకారం ఆ ట్విన్ మీద హక్కులు మోడల్‌వే, వాడిన ప్రతిసారీ ఆమెకి డబ్బు. మేంగో అనే ఇంకో బట్టల బ్రాండ్ 2024లోనే ఏఐతో చేసిన మోడల్ బొమ్మలతో ఒక ప్రచారం వదిలింది. ఇక్కడ నా క్లయింట్లే అడుగుతున్నారు, ‘ఒక అమ్మాయిని నాలుగు వైపుల నుంచి తీసివ్వండి, చీరలు మేం కంప్యూటర్‌లో కట్టిస్తాం’ అని.

ఈ డిజిటల్ క్లాజునీ, ఎక్స్‌క్లూజివ్ క్లాజునీ కలిపి చదువు. నీ బొమ్మ ఎక్కడైనా ఎంతకాలమైనా పని చేస్తుంది. నువ్వు మాత్రం వాళ్లు చెప్పిన చోటే పని చేయాలి. మూడేళ్లయ్యాక నువ్వు బయటికి వస్తావు, బొమ్మ అక్కడే ఉండిపోతుంది.

ఎడిసన్_నాన్న
న్యూయార్క్ చట్టంలో దీనికి కూడా విడిగా రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. దేనికి వాడతారు, ఎంతకాలం, ఎంత డబ్బు అన్నీ రాయాలి. ఏజెన్సీ అగ్రిమెంట్‌లో ఒక మూల దూర్చేస్తే కుదరదు.

కోర్టు_క్యాంటీన్
సంతకం అధికారం గురించి: అది పవర్ ఆఫ్ అటార్నీ లాంటిది. పూర్తిగా వద్దనడం కష్టమైతే, ప్రతి పనికి ముందు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో నువ్వు సరే అన్నాకే వాళ్లు సంతకం పెట్టాలని రాయించుకో. గుట్కాకి సరోగేట్ యాడ్ (వేరే సరుకు పేరుతో చాటుగా చేసే ప్రచారం) అయినా, లోదుస్తుల షూట్ అయినా నీకు ముందు తెలియాలి కదా. వివాదాలు ముంబైలోనే అని కూడా రాసి ఉంటుంది, చూడు. వరంగల్ నుంచి ప్రతి వాయిదాకీ బాంద్రా వెళ్లాలంటే పరిహారం కంటే రైలు ఖర్చే ఎక్కువ.

అనంతపురం_అత్త
ఇంతసేపు చదివాను. నా మేనకోడలికి ఇలాగే 17 ఏళ్లకే సంతకం పెట్టించారు. అది చెల్లుతుందా?

కోర్టు_క్యాంటీన్
అమ్మా, 18 నిండనివాళ్లు చేసిన ఒప్పందం మొదటినుంచీ చెల్లదు. 1903లో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన పై కోర్టు) మొహరీ బీబీ కేసులో చెప్పిన మాట, ఇప్పటికీ అదే. అయితే తల్లో తండ్రో కూడా సంతకం పెట్టారా, 18 నిండాక కొత్త కాగితం ఏమైనా రాయించుకున్నారా చూడాలి. కాగితాలతో దగ్గర్లో లాయర్‌ని కలవండి.

ఓరుగల్లు_అమ్మాయి
అప్‌డేట్. ఇక్కడ చెప్పినవన్నీ రాసి నిన్న రాత్రి వాళ్లకి మెయిల్ పెట్టాను. ఫోన్ చేశారు. మొదట కొంచెం గట్టిగానే మాట్లాడారు, ‘మా దగ్గర ఏ అమ్మాయీ ఇలా అడగలేదు’ అని. నేనేమీ వాదించలేదు, ‘రాసి పంపండి సార్, ఇంట్లో చూపిస్తా’ అన్నాను. ఈ రోజు మార్చిన డ్రాఫ్ట్ వచ్చింది.

12 నెలల క్లాజు తీసేశారు. మూడేళ్లని రెండు చేశారు. తెలంగాణ, ఆంధ్రలో నేను సొంతంగా తెచ్చుకునే చీరలు, నగల పని నేనే చేసుకోవచ్చు, కానీ 10 శాతం వాళ్లకి. పోర్ట్‌ఫోలియో ఇక్కడే నా ఫోటోగ్రాఫర్‌తో చేయించుకోవచ్చు. పనుల గ్యారంటీ ఇవ్వం అన్నారు. డిజిటల్ క్లాజు ‘స్టాండర్డ్’ కాబట్టి మార్చం అన్నారు. శుక్రవారం గడువు మాత్రం వచ్చే నెలాఖరుకి జరిగింది!

పల్నాటి_మిర్చి
ఆ ఇంకో అమ్మాయి స్లాట్ ఏమైందో పాపం.

బంజారా_బావ
సూపర్. ఇక పెట్టెయ్.

ర్యాంప్_రిటైర్డ్
ఆగు. గ్యారంటీ ఇవ్వం అంటే సరే, చాలామంది ఇవ్వరు. దాని బదులు బయటికొచ్చే తలుపు అడుగు. వరసగా ఆరునెలలు వాళ్ల ద్వారా ఇంత మొత్తం బిల్లింగ్ రాకపోతే 30 రోజుల నోటీసుతో, పెనాల్టీ లేకుండా బయటికి రావచ్చు అని ఒక లైన్. నీ మీద నిజంగా నమ్మకం ఉన్న ఏజెన్సీకి ఆ లైన్‌తో నష్టం లేదు. నువ్వు సొంతంగా తెచ్చుకున్న పనికి ఆ 10 శాతం కూడా నాకు నచ్చలేదు, కానీ దానికోసం తెగేదాకా లాగను.

బుకింగ్_డెస్క్
ఆరునెలలు తక్కువ. కొత్త మోడల్‌కి కనీసం తొమ్మిది నెలలు ఇవ్వాలి. మిగతాది ఒప్పుకుంటా. ఆ లైన్ మా అగ్రిమెంట్‌లలో కొన్నింటిలో ఉంది.

లెన్స్‌క్యాప్
డిజిటల్ క్లాజు మార్చకపోతే నేనైతే వెళ్లొద్దంటా. మిగతావన్నీ కాలంతో ముగుస్తాయి, అది ముగియదు.

ఫ్లెక్సీ_బాబు
లెన్స్ అన్న మాటే నాదీ. కొనేవాళ్ల వైపు ఉండి చెప్తున్నా, ‘స్టాండర్డ్’ అన్న క్లాజు పెద్ద మోడల్ అడిగితే మేం రెండు నిమిషాల్లో మారుస్తాం. కనీసం ‘ఒప్పుకున్న ఆ ప్రాజెక్టు వరకు, ఏడాది వరకు’ అని పెట్టించుకో. మళ్లీ వాడుకోవాలంటే మళ్లీ డబ్బు.

ఓరుగల్లు_అమ్మాయి
ఆ రెండూ రాసి పంపాను. హన్మకొండలో నాన్నకి తెలిసిన లాయర్ గారు కూడా చూస్తున్నారు. డిజిటల్ దానికి ఒప్పుకోకపోతే సంతకం పెట్టను. ఈలోగా ఆదివారం ఒక గద్వాల చీరల షూట్ ఉంది, అది వదలను.

చీరల_కొట్టు
బ్లౌజ్ సైజు ముందే చెప్పు తల్లీ.

అబ్బాయి_మోడల్_వైజాగ్
థ్రెడ్ మారుస్తున్నా అనుకోకండి. నా ఏజెన్సీ వాళ్లు 25 శాతం కమీషన్ పోగా ఇంకా ఏదో కోసి వేస్తున్నారు. అడిగితే ట్యాక్స్ అంటారు. ఎలా తెలుసుకోవాలి?

తెనాలి_సిఏ
సాధారణంగా 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) కోస్తారు. నిజంగా కట్టారో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మీ ఫారం 26ఏఎస్ (మీ పేరు మీద జమైన పన్ను లెక్క) తెరిస్తే కనిపిస్తుంది. అక్కడ లేకపోతే కోసింది మీ పేరు మీద ఇంకా జమ కాలేదన్నమాట. ఉంటే రిటర్న్ వేసి లెక్క చూసుకోండి, మీ ఆదాయాన్ని బట్టి చాలాసార్లు వెనక్కి వస్తుంది. క్లయింట్ బిల్లు కాపీ కూడా అడగండి. కమీషన్ జీఎస్టీ కలపకముందు మొత్తం మీద లెక్కించాలి, కలిపాక దాని మీద కోసేవాళ్లు ఉన్నారు.

అబ్బాయి_మోడల్_వైజాగ్
26ఏఎస్‌లో రెండు ఎంట్రీలే ఉన్నాయి. నేను చేసిన షూట్లు చాలా ఎక్కువ.

తెనాలి_సిఏ
అయితే మిగతావాటి తేదీలు, బ్యాంకులో పడ్డ మొత్తాలు ఒక కాగితం మీద రాసి, టీడీఎస్ సర్టిఫికెట్లు ఇవ్వమని మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో వద్దు.